వియ్యంకుడి వేలికి గుచ్చిన సూది

తన కాళ్ళ మీద నడిచి, తన కారు తనే నడుపుకుంటూ చుట్టపుచూపుకి వచ్చిన ఒక పెద్దమనిషిని నలభై నిమిషాల్లో రోగిని చేసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పంపించిన ఘనుణ్ణి నేను. ఆ పనికి నాకు కత్తీ కటారీ అక్కర్లేకపోయింది. మర్యాద చాలింది. కాస్త మర్యాదతో ఎంత అనర్థం చేయవచ్చో తెలుసుకోవాలంటే కూర్చోండి, చెబుతాను. నేను మాత్రం నిలబడే చెబుతాను. ఈ కథ తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు.

పదిహేడో ఏట నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. వాన పడితే వాన, కూర మాడితే కూర, దేన్నీ వదలను. ఆ రోజు పేజీలో మాత్రం ఒక్క వాక్యమే ఉంది: "ఇది తరవాత రాస్తాను." పద్దెనిమిదేళ్ళయింది. రాయడానికి ఇప్పటికి ధైర్యం వచ్చింది.

అప్పుడు నాకు యాభై. అమెరికాలో, ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఇరవై మూడేళ్ళుగా నా వృత్తి. తప్పు కనిపిస్తే పండగ. ఈ సంగతి గుర్తుంచుకోండి. తప్పులు పట్టడమే వృత్తిగా బతికినవాడు ఎంత పెద్ద తప్పు చేయగలడో ముందు ముందు చూస్తారు.

యాభయ్యో ఏడు రాగానే నా కాళ్ళకి ఏదో పట్టుకుంది. కుర్చీలో కుదురుగా ఉండవు. మీటింగులో నా మోకాలు ఊగడం మొదలెడితే బల్ల మీద అందరి కాఫీలూ వణికేవి. ఇంట్లో టీవీ ముందు నడిచేవాణ్ణి. ఆదివారాలు గరాజ్ సర్దేవాణ్ణి, సర్దింది మళ్ళీ తీసి సర్దేవాణ్ణి. ఆ రోజుల్లోనే కిడ్నీలో రాయి వచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాను. ఒక నర్సు గంటకోసారి వచ్చి, చేతిలో కాగితం చూసుకుని ఒక్కో పనీ చేసి టిక్కు పెట్టి వెళ్ళేది. ఆమెదీ చెక్‌లిస్టే, నాదీ చెక్‌లిస్టే. కానీ ఆమె టిక్కు పెట్టినప్పుడల్లా నా నొప్పి తగ్గింది. నేను ఇరవై మూడేళ్ళలో పెట్టిన లక్షల టిక్కుల్లో ఒక్కదానికైనా ఎవరి నొప్పీ తగ్గలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ శారదకి చెప్పాను.

"మాస్టర్స్ చేస్తాను."

"మళ్ళీనా? ఉన్నది చాల్లేదా?"

"వేరే డిగ్రీ ఉన్నవాళ్ళని నేరుగా తీసుకునే కోర్సు ఒకటుంది. మూడేళ్ళు."

"దేంట్లో?"

"నర్సింగ్‌లో."

శారద పోపు గరిటె పక్కన పెట్టింది. "డాక్టరు కాదూ?"

"కాదు."

"పోనీ, హాస్పిటల్ మేనేజ్‌మెంటు లాంటిది?"

"కాదు. నర్సు."

"మరి పార్టీల్లో నన్ను ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?"

"నర్సు అని చెప్పు."

"హెల్త్‌కేర్ అని చెబుతాను," అంది శారద. పోపు మాడింది. (డైరీలో ఉంది.)

మొత్తానికి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి చేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త నర్సు అసలే ఎరగడు. ఇరవై నాలుగేళ్ళ పిల్లల మధ్య కూర్చుని మూడు రంగుల పెన్నులతో నోట్సు రాసుకున్నాను. రాత పరీక్షల్లో మొదటి వరస నాదే. అసలు గండం తరవాతి మెట్టు మీద కాచుక్కూర్చుంది. ఆసుపత్రిలో నిజమైన మనుషుల మీద చేయాల్సిన శిక్షణ అది.

అక్కడ మా గురువు మారిసెల్. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనిషి, నా భుజం దాకా కూడా రాదు, కానీ ఆమె వరండాలో నడుస్తుంటే సర్జన్లు కూడా గోడకి ఆనుకుని దారిచ్చేవాళ్ళు. మొదటి రోజే చెప్పింది.

"మనిషిని ముట్టుకునే ముందు పేరు, పుట్టిన తేదీ. ప్రతిసారీ. గంట క్రితం అడిగినా సరే, మళ్ళీ అడగాలి. రెండూ వాళ్ళ నోటితో చెప్పించాలి. మీరే పేరు చెప్పి 'అవునా' అని అడగకండి. మత్తులో ఉన్నవాడు అవునంటాడు, చెవుడున్నవాడు అవునంటాడు, మంచివాడూ అవునంటాడు. ఆ తరవాత చేతి పట్టీ చూడండి. ఇది తప్పితే లిఖితపూర్వకంగా వార్నింగు. రెండు వార్నింగులైతే ఆ బ్యాచ్ నుంచి బయటికి. మళ్ళీ రావాలంటే ఏడాది ఆగాలి."

వింటుంటే చాలా తేలిగ్గా ఉంది కదా? నాకూ అలాగే ఉంది. మొదటి వార్నింగు రెండో వారంలోనే వచ్చింది.

ఒక గదిలో తెలుగు పెద్దావిడ. నియమం ప్రకారం పేరు అడిగాను.

"పేరడగడమేమిటి నాయనా? నీ తల్లి వయసుదాన్ని. పోలీసులా నిలబడి అడుగుతావేం?" అంది. నా చెవులు కాలిపోయాయి. ఎలాగో చెప్పించుకుని, పుట్టిన తేదీ అడిగాను.

"ఏది కావాలి? అసలుదా, బళ్ళో వేసిందా?"

మీరైతే ఏం చేసేవాళ్ళు? బళ్ళో వేసింది అడిగి బయటపడేవాళ్ళు. నేను ఉన్న నిజం రాయాలనే మనిషిని కదా, "అసలుదే చెప్పండి" అన్నాను. ఆవిడ తిథీ నక్షత్రమూ చెప్పింది. నేను ఫోనులో పంచాంగం తెరిచి, గది మూల నిలబడి, ముప్పై అయిదు నిమిషాలు లెక్కగట్టి, ఇంగ్లీషు తేదీ తేల్చి, "రికార్డులో పుట్టిన తేదీ తప్పు, సరైనది ఇది" అని నోట్సులో ఎక్కించాను. దాంతో ఆవిడ రెండు వేరువేరు మనుషులేమోనని మందుల విభాగంవాళ్ళకి అనుమానం వచ్చి, ఆవిడ పొద్దుటి మాత్రలు ఆపేశారు.

"విష్," అంది మారిసెల్. నా పేరు విశ్వనాథం. అమెరికాలో అందులో అంతే మిగిలింది. "ఆమె పుట్టినరోజు ఎవరు మార్చారు?"

"మార్చలేదు మేడమ్. సరిచేశాను."

ఆ 'సరిచేశాను' అన్న మాటకే సగం వార్నింగు వచ్చిందని నా నమ్మకం.

ఆ రోజు నుంచి నాకు నిద్రలో కూడా పరుగే. ఇంకొక్క వార్నింగు, అంతే. ఉద్యోగం వదిలేశాను, శారద ఊళ్ళో అందరికీ 'హెల్త్‌కేర్' అని చెప్పేసింది, ఇప్పుడు ఏడాది పాటు ఇంట్లో కూర్చోవాలి. కూర్చోవడం చేతనైతే ఇంత దూరం ఎందుకొస్తాను?

మూడో వారం. పదకొండు గంటలైంది. ఆ రోజు నాకు ఇచ్చిన కాగితంలో ఉన్నది ఇది: పానకాలరావు గారు, డెబ్భై నాలుగేళ్ళు. నిన్ననే గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. కాస్త షుగరుంది. తాగడమే తప్ప తినడానికి వీల్లేదు. మధ్యాహ్నం లోపు బీపీ, షుగరు చూడాలి. అప్పటిదాకా నేనాయన్ని చూడలేదు. తెలుగు పేరు చూడగానే ఆ పెద్దావిడ గుర్తొచ్చి నా కాళ్ళు గది బయటే ఆగిపోయాయి. గుమ్మం ముందు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూ రిహార్సల్ చేసుకున్నాను. 'అయ్యా, తమ పేరు...' వద్దు. 'మీ శుభనామధేయం...' మరీ పెళ్ళిపందిట్లో అడిగినట్టుంది.

లోపల్నుంచి కేక వచ్చింది. "ఎవరది? తెలుగువాడిలా ఉన్నావే! రా బాబూ, గుమ్మంలో ఆ తిరుగుడేమిటి?"

వెళ్ళాను. మంచం మీద ఒక పెద్దాయన గడ్డం దాకా దుప్పటి కప్పుకుని హాయిగా పడుకుని ఉన్నారు.

"పానకాలరావు గారి గది ఇదేనాండీ?" అన్నాను.

"ఇదే, ఇదే. రా. ఏ ఊరు మీది?"

చూశారా ఎంత లాఘవంగా తప్పించుకున్నానో! పేరు అడగలేదు, అడిగినట్టూ అయింది. మారిసెల్ చెప్పిన మూడో రకం మనిషి, అంటే మంచివాడు, ఈయనేనన్న సంగతి నాకు తట్టలేదు.

మాది గుడివాడ దగ్గరన్నాను. గుడివాడలో ఎవరన్నారు. ఫలానా అన్నాను. మా పెదనాన్నతో కలిసి ఇంజనీరింగ్ చదివానన్నారు. అయిదు నిమిషాల్లో మా మూడు తరాలూ ఆయన చేతిలోకి వెళ్ళిపోయాయి. నన్ను 'ఏరా అబ్బాయ్' అనే దాకా వచ్చారు. ఇప్పుడు చెప్పండి. మా పెదనాన్న కాలం మనిషిని పట్టుకుని, "అయితే ఇంతకీ తమరెవరు?" అని ఎలా అడగను? అడగందే అమ్మయినా పెట్టదు, నిజమే. కానీ అడిగితే ఈయన నాలుగు పెట్టేలా ఉన్నారు.

"బాబాయి గారూ, కాస్త బీపీ చూడమంటారా?"

"చూస్తావా? చూడు. ఊరికే చూస్తానంటే వద్దనేదెవరు?"

దుప్పట్లోంచి చెయ్యి బయటికొచ్చింది. పొడుగు చేతుల చొక్కా. ఇస్త్రీ మడత కూడా చెడలేదు. హాస్పిటల్ గౌను ఏదీ? చలేసి చొక్కా వేసుకున్నారేమో అనుకున్నాను. జేబులో కారు తాళాలు గలగలమన్నాయి. పెద్దవాళ్ళు కదా, ఎక్కడైనా పోతాయని దగ్గర పెట్టుకున్నారేమో. సెలైన్ సీసా లేదు. తీసేశారేమో. మంచం కింద బూట్లున్నాయి, తళతళలాడుతూ. ఎంత శుభ్రమైన రోగి! చేతికి వాచీ ఉంది, పట్టీ లేదు. రెండో చేతికి ఉంటుందిలే. రెండో చెయ్యి దుప్పట్లో ఉంది. పెద్దాయన్ని ఆ చెయ్యి కూడా తియ్యమని ఇబ్బంది పెట్టడం ఎందుకు?

ఒక కామా ఎక్కువైతే ప్రోగ్రాము మొత్తం వెనక్కి కొట్టిన మనిషినండీ నేను. ఆ వేళ నా కళ్ళ ముందు తప్పులు బారులు తీరి నిలబడి చెయ్యెత్తి దండం పెడుతుంటే, ఒక్కొక్కదానికీ 'ఏమో' అని పేరు పెట్టి లోపలికి పంపించాను.

బీపీ నూట తొంభై, నూట పది.

"నొప్పి ఎలా ఉంది బాబాయి గారూ? సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే ఎంతుంటుంది?"

"నాకు నొప్పేమిటి? సున్నా."

నిన్న పొట్ట కోయించుకున్న మనిషి! ఆహా, ఎంత గుండె దిటవు అనుకుంటూ రాసుకున్నాను.

"పొట్ట ఓసారి చూడనిస్తారా?"

"పొట్టెందుకయ్యా చూడ్డం? నిక్షేపంలా ఉంది."

పెద్దాయన వద్దన్నాక దుప్పటి లాగుతామా? "పొట్ట నిక్షేపంలా ఉంది" అని రాసుకున్నాను.

తరవాత వేలికి సూది గుచ్చి రక్తపు బొట్టు తీసుకున్నాను. ఆయన అడ్డు చెప్పకపోగా, "అది కూడానా? పరవాలేదే, ఇక్కడ మర్యాదలు బాగానే చేస్తున్నారు," అన్నారు. ఆ మాట నాకు వింతగా ఎందుకనిపించలేదో ఇప్పటికీ తెలియదు. మిషనులో రోగి నంబరు కొట్టాలి. పట్టీ మీద చూసి కొట్టాల్సింది, నా కాగితం చూసి కొట్టాను. అందులో ఒక్క అంకె కూడా తప్పు పోలేదని మనవి చేసుకుంటున్నాను.

షుగరు మూడు వందల నలభై రెండు.

"బాబాయి గారూ! పొద్దున్న ఏమైనా తిన్నారా?"

"ఆ, మా చెల్లెమ్మ బొబ్బట్లు చేసింది. వద్దన్నా వినదే! నాలుగు వేసింది."

"నాలుగు బొబ్బట్లా!"

"నెయ్యి కూడా వేసిందిలే," అన్నారు, నేనేదో లోటు పట్టానన్నట్టు.

ఇక నేను నడిచానో ఎగిరానో తెలియదు. డ్యూటీ నర్సు డేవిడ్ ముందు వాలాను. మంచి కుర్రాడు, నెమ్మదస్తుడు.

"డేవిడ్, పానకాలరావు గారికి బీపీ నూట తొంభై, షుగరు మూడు వందల నలభై రెండు! పైగా పొద్దున్నే నాలుగు బొబ్బట్లు తిన్నారు!"

"బొబ్బట్టు అంటే ఏమిటి?"

"పప్పు."

"పప్పు ఫరవాలేదు."

"బెల్లంతో."

"ఓ."

"మైదాలో పెట్టి, నేతిలో కాలుస్తారు."

ఒక్కో దినుసుకీ డేవిడ్ మొహంలో ఒక్కో రంగు వెళ్ళిపోయింది. గాల్‌బ్లాడర్ తీసిన మర్నాడు పొద్దున! సర్జన్‌కి ఫోను చేశాడు. సర్జన్ ఏమన్నాడో వినపడలేదు కానీ డేవిడ్ రిసీవరు చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో ఇన్సులిన్ తీసుకుని డేవిడ్, రక్తం తీసే అమ్మాయి, వెనక నేను, అందరం గదిలోకి ఊరేగింపుగా వెళ్ళాం. వరండా చివర మారిసెల్ కనిపించింది. ఆమె కూడా వచ్చి చేరింది.

డేవిడ్ మందు ఇచ్చే ముందు చేతి పట్టీని మిషనుతో స్కాన్ చేయాలి. నవ్వుతూ వంగాడు. "సర్, మీ పట్టీ చూపిస్తారా?"

"పట్టీ లేదు, వాచీ ఉంది. మా అబ్బాయి కొన్నాడు."

"రెండో చెయ్యి?"

రెండో చెయ్యి వచ్చింది. ఉంగరం తప్ప ఏమీ లేదు. డేవిడ్ నవ్వు ఆగిపోయింది. సూది ట్రేలో పెట్టేసి, రెండడుగులు వెనక్కి వేసి, అడిగాడు. నేను నలభై నిమిషాలుగా అడగలేకపోయిన ప్రశ్నని, పాతికేళ్ళ కుర్రాడు, ఒక్క ముక్కలో:

"మీ పేరేమిటి సర్?"

ఆయన జవాబు చెప్పేలోపే గుమ్మంలో చప్పుడైంది. హాస్పిటల్ గౌను వేసుకున్న ఇంకో పెద్దాయన. ఒక చేత్తో సెలైన్ స్టాండు తోసుకుంటూ, ఇంకో చేత్తో గౌను వెనక్కి విడిపోకుండా పట్టుకుని, వరండాలో నడక ముగించుకుని వస్తున్నారు. మంచం చుట్టూ మూగిన జనాన్ని చూసి ఆయన చేతుల్లోంచి రెండూ జారిపోయాయి.

"అయ్యో బావగారూ! ఏమైంది మీకు? కాసేపు నడుం వాల్చమని నేనేగా నా మంచం ఇచ్చి వెళ్ళాను! ఇంతలోనే ఇంత ముంచుకొచ్చిందా!"

పానకాలరావు గారు ఈయన. మంచం మీదున్నది ఆయన వియ్యంకుడు. పక్క ఊరు డబ్లిన్ నుంచి చూడ్డానికి వచ్చారు. వస్తూ దారిలో వీళ్ళింట్లో ఆగి పలకరిస్తే, వీళ్ళావిడ బొబ్బట్లు పెట్టింది. వియ్యంకుడు కుర్చీలో కూర్చుంటే బాగుండదని, ఆపరేషన్ అయిన మనిషి తన మంచం ఇచ్చి తను నడకకి వెళ్ళారు. ప్రపంచంలో ఇంకే జాతి రోగీ ఈ పని చేయడని నేను కోర్టులో ప్రమాణం చేయగలను. ఆ మంచం మీదున్నవాడిని పేరు అడక్కుండా ఇంకే జాతి నర్సూ ఊరుకోడు. ఈ రెండు మర్యాదలూ ఒకే గదిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి.

"ఏమయ్యా," అన్నారు బావగారు నాతో, లేచి కూర్చుని, "నువ్వు నాకు చూసింది మర్యాదకి కాదూ? ఇక్కడ చూడవచ్చినవాళ్ళకి కూడా చేస్తారేమోననుకున్నాను, అమెరికా కదా అని!"

మారిసెల్ నావైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఇక ఆ అంకెలు మాత్రం అబద్ధం కాదు కదా. మళ్ళీ చూస్తే బీపీ ఇంకా పెరిగింది, నా మూలంగానే అయ్యుంటుంది. చక్రాల కుర్చీ తెప్పించి బావగారిని కింద ఎమర్జెన్సీకి పంపారు. బూట్లు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా కుర్చీ పట్టుకుని వెళుతూ ఆయన నావైపు చూసిన చూపు ఉంది చూశారూ, దాన్ని డైరీలో పెట్టడానికి మాటలు దొరకలేదు.

"రేపు ఏడింటికి నా గదికి రా," అంది మారిసెల్.

ఇంటికి వెళ్ళే ముందు పార్కింగ్ లాట్ చుట్టూ పదకొండు సార్లు తిరిగాను. ఇంట్లో హాలు చివర నుంచి వంటిల్లు దాకా పందొమ్మిది అడుగులు. ఆ సాయంత్రమే లెక్కపెట్టాను.

"ఏమిటి, ఇల్లు అమ్ముతున్నారా? కొలుస్తున్నారు," అంది శారద.

చెప్పాను. అంతా విని తాపీగా అంది. "మీకు ఇది కొత్తేం కాదు. పెళ్ళిచూపులప్పుడు కాఫీ తెచ్చిన మా అక్కయ్యని చూసి తలూపారు. పేరు అడిగి ఉంటే తెలిసేది."

"పెద్దవాళ్ళ ముందు ఆడపిల్లని పేరెలా అడుగుతారు?"

"అదే చెబుతున్నా. మా అక్కయ్యకి అప్పటికే ఇద్దరు పిల్లలు."

పొద్దున్న ఏడింటికి మారిసెల్ గదిలో నిలబడ్డాను. కూర్చోమంది, కూర్చోలేకపోయాను. బల్ల మీద వార్నింగు కాగితం ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. నేను నా నోటుబుక్కు తీసి, జరిగింది వరస క్రమంలో చదివాను. చొక్కా, తాళాలు, బూట్లు, వాచీ, సున్నా నొప్పి. దేన్నీ దాచలేదు. దాచడం నాకు చేతకాదు. అంకెలు వేసి మరీ రాసుకున్నాను, తొమ్మిది.

"తొమ్మిదీ నీకు కనిపించాయా?"

"కనిపించాయి మేడమ్."

"కనిపించలేదంటే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపేదాన్ని. మరి ఎందుకు అడగలేదు?"

"పెద్దాయన్ని పేరు అడిగితే మా దగ్గర తప్పుగా అనుకుంటారు."

మారిసెల్ కళ్ళజోడు తీసింది. "మా దగ్గర మాత్రం? మా ఊళ్ళో పెద్దవాళ్ళని పేరు అడిగితే మా అమ్మ చెంప పగలగొట్టేది. ముప్పై ఏళ్ళుగా రోజుకి వందసార్లు అడుగుతున్నాను. ప్రతిసారీ చెంప చురుక్కుమంటుంది. అయినా అడుగుతాను. డేవిడ్ అడగకపోతే ఏమయ్యేది?"

జవాబు ఇద్దరికీ తెలుసు. వేరే మనిషి మందు, వేరే మనిషి ఒంట్లో.

"ఆయన్ని రాత్రి మన అంతస్తులోనే చేర్చుకున్నారు," అంది. "ఈ రోజు నీ రోగి ఆయనే. నేను గుమ్మంలో నిలబడతాను. సరిగ్గా చేస్తే ఇది చించేస్తాను. చేయలేకపోతే సంతకం పెడతాను."

గదిలోకి వెళ్ళాను. బావగారు మంచం మీద ఉన్నారు, ఈసారి గౌనులో, చేతికి పట్టీతో. పక్క కుర్చీలో ఎవరనుకున్నారు? పానకాలరావు గారు! ఆయన్ని ఆ మధ్యాహ్నం ఇంటికి పంపిస్తారు. తన మూలంగా వియ్యంకుడు పడిపోయాడని, తన గదిలోంచి సెలైన్ స్టాండుతో సహా వచ్చి కాపలా కూర్చున్నారు. ముందు వియ్యంకులు, వెనక మారిసెల్. నుయ్యీ గొయ్యీ అయినా నయం, అవి మాట్లాడవు.

"నమస్కారమండీ. నా పేరు విశ్వనాథం. నర్సింగ్ విద్యార్థిని. మీ పేరు చెప్పండి."

బావగారు పైకప్పు చూస్తూ అన్నారు. "పేరు తెలియకుండానే రక్తం తీసినవాడివి. ఇప్పుడు పేరెందుకయ్యా, తద్దినం పెట్టడానికా?"

"మీ నోటితో చెప్పాలండీ. నియమం."

"డబ్లిన్‌లో నా పేరు తెలియనివాడు లేడు!"

"వారి పేరు కోటేశ్వరరావు గారు," అన్నారు పానకాలరావు గారు, నొచ్చుకుంటూ.

వెనక మారిసెల్ తల అడ్డంగా ఊపింది. భాష రాకపోయినా పద్ధతి తప్పడం తెలుస్తుంది ఆమెకి.

"మీరు చెప్పకూడదండీ. వారే చెప్పాలి."

"ఏమిటయ్యా ఇది!" పానకాలరావు గారు కుర్చీలోంచి లేచారు, కుట్లు పట్టుకుని. "నా ఎదురుగా నా వియ్యంకుణ్ణి నిలదీస్తావా? మా అమ్మాయి అత్తింటివాళ్ళకి నేను మొహం ఎలా చూపించను?"

బావగారు మూతి బిగించారు. మారిసెల్ కలం తీసింది. క్యాప్ ఊడదీసిన చప్పుడు నాకు గది ఇవతల దాకా వినిపించింది. నా మోకాలు ఊగడం మొదలైంది. సరిగ్గా అప్పుడు, మునిగేవాడికి దుంగ దొరికినట్టు, ఒక ప్రశ్న తట్టింది.

"కోపగించుకోకండి. ఒక్క సంగతి చెప్పండి. మీ అబ్బాయి పెళ్ళి శుభలేఖలో మీ పేరు ఎలా వేయించారండీ?"

బావగారు లేచి కూర్చున్నారు. వెన్ను నిటారుగా అయింది. గొంతు సవరించుకున్నారు.

"శ్రీ పెదమళ్ళ వేంకట కోటేశ్వరరావు, బి.ఇ., రిటైర్డ్ సూపరింటెండింగ్ ఇంజనీరు!"

"పుట్టిన తేదీ?"

అది కూడా చెప్పేశారు. రిటైరైన తేదీ, ఆ రోజు వేసిన దండల సంఖ్య కూడా చెప్పేశారు. నేను పట్టీ పట్టుకుని ఒక్కో అక్షరం, ఒక్కో అంకె సరిచూశాను. అన్నీ కలిశాయి. మారిసెల్ కాగితం నాలుగు ముక్కలు చేసిన చప్పుడు వినపడింది. ఏ సన్నాయి కూడా నాకంత ఇంపుగా వినిపించలేదు.

కానీ బావగారు ఆగలేదు. "అడిగావు కాబట్టి చెబుతున్నాను. మా కార్డులో అలా వేయించాం. ఆడపెళ్ళివారి కార్డులో నా పేరు చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. నాలుగేళ్ళుగా కడుపులో పెట్టుకున్నాను!"

"బావగారూ, అది ప్రెస్సువాడు..."

"ప్రెస్సువాడు మీ పేరు మాత్రం గుమ్మడికాయంత వేశాడేం?"

నేను బీపీ చూశాను. రెండు వందలు.

ఆ తరవాత కోర్సు పూర్తయింది. నర్సునయ్యాను, పదమూడేళ్ళు ఒళ్ళు వంచి పనిచేశాను, రిటైరయ్యాను. కోటేశ్వరరావు గారు మందులు వేసుకుంటూ దివ్యంగా ఉన్నారు. ఈ మధ్యనే ఒక గృహప్రవేశంలో కలిశారు. నన్ను చూడగానే పక్కనున్న పదిమందినీ పిలిచి పరిచయం చేశారు.

"ఈయన పెద్ద నర్సు. హస్తవాసి అలాంటిలాంటిది కాదు. డెబ్భై రెండేళ్ళు నాకు షుగరూ లేదు, బీపీ లేదు. ఈయన ఒక్కసారి చెయ్యి పెట్టాడు. అంతే, రెండూ వచ్చాయి!"

పదిమందీ చేతులు వెనక్కి దాచుకున్నారు. అందులో ఇద్దరు డాక్టర్లు.

కాబట్టి నేను, విశ్వనాథం అనేవాణ్ణి, స్పృహలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మంచం మీద పడుకుని ఉన్న మనిషి పెద్దవాడు కానీ, చుట్టం కానీ, మా పెదనాన్న స్నేహితుడు కానీ, పేరు వాళ్ళ నోట వినకుండా వేలు కూడా ముట్టుకోను. ఎవరైనా నన్ను మర్యాద తెలియనివాడంటే, అననివ్వండి. నేను మర్యాద పాటించిన రోజున ఏం రీడింగు వచ్చిందో మీరు చూశారు.